ఏ సినిమా పెట్టాలన్నది ఆఖరి ప్రశ్న: థీమ్ పార్కులో ఒక మూల మార్చడం వెనక లెక్కలు

ఫ్లోరిడాలోని డిస్నీ యానిమల్ కింగ్‌డమ్‌లో డైనోల్యాండ్ యూఎస్ఏ అని ఒక ప్రాంతం ఉండేది. 1998 ఏప్రిల్ 22న పార్కుతో పాటే తెరుచుకుంది. 2025 జనవరిలో దాన్ని సగం మూశారు. 2026 ఫిబ్రవరి 1తో అందులోని పెద్ద రైడ్ ‘డైనోసార్’ కూడా ఆగిపోయింది. ఆ స్థలంలో ‘ట్రాపికల్ అమెరికాస్’ పేరుతో 11 ఎకరాల్లో ఒక లాటిన్ అమెరికా ఊరు కడుతున్నారు. 2027లో తెరుస్తామని ప్రకటించారు. ఈ మార్పు మీద అభిమానులు ఏళ్ల తరబడి వాదించుకున్నారు, కానీ ఆ వాదనంతా ఒకటే ప్రశ్న చుట్టూ తిరిగింది. అక్కడ ఏ సినిమా పెట్టాలి? 2022లో కంపెనీయే మోవానా, జూటోపియా అని ఊరించింది. 2023లో ఎన్‌కాంటో, ఇండియానా జోన్స్ అంది. 2024 ఆగస్టులో ఆ రెండూ ఖాయమయ్యాయి.

నిజానికి అది చిట్టచివర అడగాల్సిన ప్రశ్న. పాత ఇల్లు కొన్నవాళ్లు మొదట గోడల రంగు గురించి మాట్లాడుకోరు. ఏ గోడ మీద స్లాబు నిలబడి ఉంది, సెప్టిక్ ట్యాంకు ఎక్కడుంది, వాన పడితే నీళ్లు ఎటు పోతాయి అని చూస్తారు. థీమ్ పార్కులో ఒక ప్రాంతాన్ని మార్చడం కూడా అలాంటి పనే. సినిమా సెట్టుతో పోల్చి చూస్తే ఇందులో కష్టం తెలుస్తుంది. సెట్టును కెమెరా ఎటు నుంచి చూస్తుందో ముందే తెలుసు, షూటింగ్ అయ్యాక పీకేస్తారు. ఇక్కడ జనం నాలుగు వైపుల నుంచీ చూస్తారు, చేత్తో తడిమి చూస్తారు, పిల్లలు ఎక్కి తొక్కుతారు. అదంతా ఇరవై ముప్పై ఏళ్లు తట్టుకోవాలి.

అర్థం కాని జోకు

డైనోల్యాండ్‌కు అల్లిన కథ బాగానే ఉండేది. అమెరికాలో ఏదో మారుమూల పల్లెలో శిలాజాలు బయటపడ్డాయి. తవ్వకాలకు వచ్చిన కాలేజీ కుర్రాళ్లు ఒక పాత ఫిషింగ్ లాడ్జిలో మకాం వేశారు, అదే రెస్టారెంటోసారస్ అనే భోజనశాల. శాస్త్రవేత్తలు పద్ధతిగా డైనో ఇన్‌స్టిట్యూట్ కట్టుకున్నారు. ఈ హడావుడంతా చూసిన చెస్టర్, హెస్టర్ అనే పెట్రోలు బంకు దంపతులు నాలుగు డబ్బులు చేసుకుందామని బంకును బొమ్మల కొట్టుగా మార్చేసి, ముందున్న పార్కింగ్ స్థలంలో ఏకంగా జాతర పెట్టేశారు. ఈ జాతర ముక్క, అంటే డైనో-రామా, 2001-02లో చేర్చింది.

జోకు ఏమిటంటే అదంతా కావాలనే చౌకబారుగా కట్టారు. హైవే పక్కన ధాబా ముందు ఫైబరు జిరాఫీ, సిమెంటు ఏనుగు కనబడతాయి చూడండి, ఆ రుచిని ఎగతాళి చేయడం. నేల తారు, దాని మీద పగుళ్లు కూడా పనిగట్టుకుని తెప్పించినవే. కానీ అది జోకని తెలియాలంటే బోర్డులు చదవాలి. మధ్యాహ్నం రెండింటికి ఫ్లోరిడా ఎండలో, ఒక పిల్లను తోపుడు బండిలో, ఇంకో పిల్లను చంకలో వేసుకుని నడిచే మనిషి బోర్డులు చదవడు. ఆయనకు కనబడేది పగిలిన తారు, నీడ లేని మైదానం, మన నాంపల్లి నుమాయిష్‌లో ఉండే తరహా తిరుగుడు రైడ్లు. అంత టిక్కెట్టు పెట్టి ఇందుకా వచ్చింది అనిపిస్తుంది. ఆ తారు నిజంగా పగిలిందా, పగిలినట్టు చేశారా అన్నది వేడికి కాలే కాళ్లకు అనవసరం.

అంటే జబ్బు డైనోసార్లది కాదు, నేలది. ఈ తేడా పట్టుకోకపోతే వాదన దారి తప్పుతుంది. డైనోసార్లు ఉండాలన్నవాళ్ల పక్షాన గట్టి వాదన ఒకటుంది. ఈ పార్కును రూపొందించిన జో రోడీ బృందం మొదట మూడు రకాల జంతువుల గురించి చెప్పాలనుకుంది: ఇప్పుడున్నవి, అంతరించినవి, మనుషులు ఊహించుకున్నవి. ఊహా జంతువుల కోసం తలపెట్టిన ‘బీస్ట్‌లీ కింగ్‌డమ్’ డబ్బుల దగ్గర ఆగిపోయింది. పార్కు చిహ్నంలో డ్రాగన్ బొమ్మ మాత్రం మిగిలింది. ఇప్పుడు అంతరించినవి కూడా పోతే మూడు కాళ్ల పీటకు ఒక కాలు విరిచినట్టే.

ఆ వాదనలో న్యాయం ఉంది. కాకపోతే ఆ కాలు ఎప్పుడో పుచ్చిపోయింది. పెద్ద రైడ్‌కు మొదట పెట్టిన పేరు ‘కౌంట్‌డౌన్ టు ఎక్స్‌టింక్షన్’, అంతరించడానికి లెక్కపెట్టడం. 2000లో డిస్నీ సినిమా వస్తోందని దాని పేరు ‘డైనోసార్’గా మార్చారు, విషయం అక్కడే పలచబడింది. జాతర వచ్చాక పూర్తిగా నీళ్లయింది. ఆ రైడ్ ముందు నిలబెట్టింది ‘సూ’ అనే టైరనోసారస్ అస్థిపంజరానికి నకలు. సూ దక్షిణ డకోటాలో 1990లో దొరికింది. మన హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో పాత ఆదిలాబాద్ జిల్లాలో దొరికిన కోటసారస్ ఎముకలే నిలబడి ఉన్నాయి. వాటి ముందు పిల్లవాడు నోరు తెరుచుకుని నిలబడతాడే, డైనో-రామా ఆ ఒక్క క్షణాన్నీ ఇవ్వలేకపోయింది.

కదపలేనివి ముందు

ఒక ప్రాంతాన్ని మార్చడంలో మూడు స్థాయిలున్నాయి. మొదటిది పైపూత. కాలిఫోర్నియాలోని డిస్నీ పార్కులో 2018 జనవరిలో ప్యారడైజ్ పియర్ అనే ప్రాంతంలో పని మొదలుపెట్టి జూన్ 23కల్లా పిక్సార్ పియర్‌గా తెరిచారు. రోలర్ కోస్టర్ ట్రాక్ పాతదే, పేరు, సొరంగాలు, పాట కొత్తవి. రెండోది డొక్క ఉంచి లోపలిది మార్చడం. అదే పార్కులో లిఫ్టు తెగిపడ్డట్టు జనాన్ని కిందికి దించే టవర్ ఆఫ్ టెర్రర్ 2017 జనవరిలో మూతపడి, అయిదు నెలలు తిరక్కుండా మే 27కు ‘గార్డియన్స్ ఆఫ్ ద గెలాక్సీ’ సినిమా రైడ్‌గా తెరుచుకుంది. లిఫ్టు యంత్రాలు అవే, పడే తీరు మారింది. మూడోది నేలమట్టం చేసి మళ్లీ కట్టడం. డైనోల్యాండ్‌లో రెండో రకం, మూడో రకం పక్కపక్కనే జరుగుతున్నాయి: జాతర స్థలం నేలమట్టం, డైనోసార్ భవనం లోపలి మార్పిడి.

ఆ భవనాన్ని ఎందుకు ఉంచారో తెలియాలంటే రైడ్‌లో జనం ఎక్కే బండిని దగ్గరగా చూడాలి. నాలుగేసి సీట్ల మూడు వరసలు, మొత్తం పన్నెండు మంది. కింద ఛాసిస్ రబ్బరు టైర్ల మీద, నేలలోని గాడిని పట్టుకుని నడుస్తుంది. కరెంటు కూడా గాడి లోంచే అందుతుంది. ఛాసిస్‌కీ జనం కూర్చునే పెట్టెకూ మధ్య హైడ్రాలిక్ కాళ్లున్నాయి. అవి పెట్టెను ముందుకూ వెనక్కూ పక్కలకూ వంచుతాయి, ఎత్తి కుదేస్తాయి. బండి చదునైన నేల మీద నిమ్మళంగా వెళుతుంటే మీకు మాత్రం గుంటల్లో పడి లేస్తున్నట్టుంటుంది. ఆ కుదుపుల్లో ఎక్కువ భాగం ప్రోగ్రాము. గాడి మారకుండానే బండి మరోలా నడిచినట్టు చేయొచ్చు.

ఇంకో సంగతి, 1995లో కాలిఫోర్నియా డిస్నీల్యాండ్‌లో తెరిచిన ఇండియానా జోన్స్ రైడ్ బండీ ఇదే, ట్రాక్ మలుపులూ దాదాపు ఇవే. అంటే డైనోసార్ స్థానంలో ఇండియానా జోన్స్ పెట్టాలన్న నిర్ణయంలో సగం ఆ సినిమా గొప్పది కాదు, గాడిది. ఆ మలుపుల్లో ఆ కథ నడుస్తుందని ముప్పై ఏళ్లుగా రుజువై ఉంది. దీన్ని కక్కుర్తి అని తిట్టిన అభిమానులున్నారు. మా లెక్కలో అది కక్కుర్తి కాదు, ఈ వ్యవహారం మొత్తంలో అన్నిటికన్నా తెలివైన పని.

డొక్క ఉంచినంత మాత్రాన పని తేలికవుతుందని మాత్రం అనుకోవద్దు. లోపల ఒక గోడను ఆరడుగులు జరిపితే పైన నిప్పార్పే స్ప్రింక్లర్ల అమరిక మారాలి. బండి మధ్యలో ఆగిపోతే జనాన్ని దింపి నడిపించే దారి మారాలి, ఆ దారిలో దీపాలు మారాలి. పాత కంట్రోలు వ్యవస్థకు విడిభాగాలు దొరకడం ఏటికేడు కష్టమవుతుంది. కొత్తది వేస్తే ప్రతి సెన్సారునూ మళ్లీ పరీక్షించాలి.

బయట నేల సంగతి ఇంకోటి. తారు పెళ్లగించడం వారం పని, దాని కింద ఉన్నవే నెలలు తింటాయి: పాత రైడ్ల పునాదులు, కరెంటు గొట్టాలు, మురుగు లైన్లు. మ్యాపులో ఒకచోట ఉన్న పైపు తవ్వితే మరోచోట తేలుతుంది. ఫ్లోరిడాలో కొద్దిగా తవ్వితేనే భూగర్భజలం తగులుతుంది, వేసవిలో మధ్యాహ్నం వానలు మామూలే. ఊరి చావడిని అందంగా మెట్లెక్కించి కడదామని గీసినవాళ్లకు ర్యాంపు నియమం అడ్డం పడుతుంది. అమెరికా చట్టం ప్రకారం అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల నిడివి కావాలి. మూడడుగుల అరుగు వేస్తే 36 అడుగుల ర్యాంపు. ఒకే విడతలో 30 అంగుళాలకు మించి ఎక్కకూడదు కాబట్టి మధ్యలో చదును తప్పనిసరి. బొమ్మలో లేని ఈ నలభై చిల్లర అడుగులు ఎవరి వాటా నుంచి రావాలి? దాదాపు ఎప్పుడూ చెట్ల వాటా నుంచే వస్తాయి. నీడ అలా మాయమవుతుంది.

గంటకు ఎంతమంది

అభిమానుల వాదనల్లో అసలు కనబడనిది, ప్లానర్లు మొదటి పేజీలో రాసుకునేది ఈ లెక్కే. పన్నెండు మంది బండి పద్దెనిమిది సెకన్లకొకటి బయల్దేరితే గంటకు 200 బళ్లు, 2,400 మంది. బెల్టులు చూడటం ఆలస్యమై అది 24 సెకన్లయితే 150 బళ్లు, 1,800 మంది. తేడా ఆరు సెకన్లే, కానీ పది గంటల రోజులో ఆరు వేల మంది ఎక్కలేకపోయారన్నమాట. ఆ ఆరు వేల మంది దారుల్లో, తిండి కౌంటర్ల దగ్గర, పక్క రైడ్ల క్యూల్లో తేలతారు. అందుకే ‘ఆ చెత్త రైడ్ పీకేస్తే పీడా పోతుంది’ అనడం తేలిక గానీ పీకడం తేలిక కాదు. గుండ్రంగా తిరిగే చిన్న రైడ్‌కు 64 సీట్లుండి, ఎక్కి తిరిగి దిగేసరికి అయిదు నిమిషాలు పడితే గంటకు 768 మంది. చూడ్డానికి ఏమీ ఉండదు, కానీ ఎత్తు నిబంధన లేనందున బుడ్డోళ్లున్న కుటుంబాలకు అదే దిక్కు. డైనోసార్ ఎక్కాలంటే 40 అంగుళాల ఎత్తుండాల్సి వచ్చేది మరి. కొత్త ఊరిలో ఇండియానా జోన్స్ పక్కన రంగులరాట్నం పెట్టడం అలంకారానికి మాత్రమే కాదు.

యానిమల్ కింగ్‌డమ్‌లో రైడ్లు మొదటినుంచీ తక్కువ. కాబట్టి మూసే వరస కూడా నిర్ణయంలో భాగమే. 2025 జనవరిలో జాతర భాగం మూశారు, డైనోసార్‌ను ఇంకో ఏడాది నడిపించారు. మార్చిలో పార్కు మధ్యలోని చెట్టు కింద పాత పురుగుల సినిమాను ఆపి, నవంబరులో అక్కడ జూటోపియా షో తెరిచారు. అది జనాన్ని మింగడం మొదలుపెట్టాక ఫిబ్రవరిలో డైనోసార్ మూశారు. ఒక సీసా నింపాకే ఇంకోటి ఖాళీ చేయడం.

కిందికి తోసేందుకు కారణం

కథ ఎంచుకోవడం దగ్గరికి ఇప్పుడొద్దాం. ఇక్కడ గుర్తుంచుకోవాల్సింది ఒకటే: రైడ్ చేసే భౌతికమైన పనులు వాక్యంలో క్రియాపదాల్లాంటివి, వాటిని మార్చలేం. కొత్త కథ ఆ క్రియలకు కర్తనూ కారణాన్నీ సమకూర్చాలి.

స్ప్లాష్ మౌంటెన్ మార్పు దీనికి మంచి పాఠం. 1989లో డిస్నీల్యాండ్‌లో తెరిచిన ఈ నీటి రైడ్ 1946 నాటి ‘సాంగ్ ఆఫ్ ద సౌత్’ సినిమాలోని జంతువుల కథల మీద కట్టింది. నల్లజాతి వారిని చూపించిన తీరు వల్ల ఆ సినిమాను అమెరికాలో కంపెనీయే ఇళ్లకు అమ్మకుండా దాచేసింది. అలాంటప్పుడు రైడ్ మాత్రం ఎందుకుండాలి? 2020 జూన్‌లో మార్పు ప్రకటించారు, 2024 జూన్ 28న ఫ్లోరిడాలో, నవంబరులో కాలిఫోర్నియాలో ‘టియానాస్ బాయూ అడ్వెంచర్’గా తెరిచారు. టోక్యోలో పాతదే నడుస్తోంది. మార్చాలన్న నిర్ణయం సరైనదే. చిక్కంతా వేరే చోట వచ్చింది.

ఆ రైడ్‌లో మార్చలేని క్రియాపదం ఒకటుంది. చివర దుంగ నెమ్మదిగా పైకెక్కి, దాదాపు యాభై అడుగుల నుంచి ఒక్కసారిగా కిందపడుతుంది. పాత కథలో నక్క కుందేలును పట్టేసింది, పైన రాబందులు ‘నీ పని అయిపోయింది’ అంటుంటాయి, ఆ తర్వాత ముళ్లపొదలోకి విసరడం. ఎక్కుతున్నంతసేపూ గుండె దడ, పడటానికి కారణం ఉంది. కొత్త కథలో మీరు ‘ద ప్రిన్సెస్ అండ్ ద ఫ్రాగ్’ సినిమా నాయిక టియానా ఇచ్చే విందుకు వాద్యగాళ్లను వెతుకుతూ వెళతారు. మామా ఓడీ అనే మంత్రగత్తె మిమ్మల్ని కప్పంత చేస్తుంది, మళ్లీ మామూలు మనుషుల్ని చేయడానికి కిందికి జారుస్తుంది. శత్రువు లేడు, ఆపద లేదు. బొమ్మలు పాతవాటికన్నా ఎంతో మెరుగ్గా కదులుతాయి, పాటలు బాగున్నాయి. కానీ పెళ్లికి పిలిచి కొండ మీంచి తోసినట్టుంటుంది. ఈ ఫిర్యాదును చాలామంది ‘విలన్ లేడు’ అని చెప్పారు. కావాల్సింది విలనే కాదు, పడటానికి ఒక కారణం.

ఇదే కొలతతో చూస్తే డైనోసార్ భవనంలోని క్రియలు చీకటి, కుదుపు, తరమడం, చటుక్కున ఆగడం. శాపం ఉన్న గుడిలోకి చొరబడ్డవాళ్లకు ఇవన్నీ జరగాల్సినవే. మాయా నాగరికత గుడి, అందులో ఒక పురాణ జంతువు ఉందన్న పుకారు. ఆ జంతువు వల్ల పార్కు గొడుగు కిందికి కూడా వచ్చేసింది. ఎన్‌కాంటోకు కొత్త భవనం కాబట్టి క్రియలను తామే ఎంచుకోవచ్చు. జంతువులతో మాట్లాడే వరం ఉన్న ఆంటోనియోను కేంద్రంగా పెట్టుకోవడం కూడా పార్కు అడిగే పన్ను కట్టడమే. పన్ను కాస్త తక్కువ కట్టారనే అనుమానం లేకపోలేదు. జంతువుల పార్కులో ఆ ఇంటి కథకు జంతువులు ప్రాణం కాదు, పొరుగు.

ఆనందపురం సాక్ష్యం

కొత్త ఊరి పేరు ప్యూబ్లో ఎస్పెరాంజా. స్పానిష్‌లో ఆశ అనే ఊరు. లేని ఊరిని కల్పించి అందులో కథలు కాపురం పెట్టించడం ఈ పార్కుకు అలవాటైన పద్ధతి. ఆఫ్రికా భాగంలో హరాంబే, ఆసియా భాగంలో ఆనందపూర్ అలాంటివే. విశాఖ పక్కన ఆనందపురం తెలిసినవాళ్లకు ఆ పేరు చూస్తే నవ్వొస్తుంది, కానీ ఆసియా భాగం ఈ చర్చలో తెలుగువాళ్లు సొంతంగా తూచగలిగిన సాక్ష్యం. శిథిలమైన మహారాజు కోటలో పులులు, పైన హిమాలయం, మధ్యలో థాయ్, ఇండొనేసియా ఆనవాళ్లు. ఏ దేశమూ కాదు. అయినా నడిచేటప్పుడు పెద్దగా కుచ్చుకోదు, ఎందుకంటే రాతలు, వెలిసిన రంగులు, తుప్పు, సైకిళ్లు నిదానంగా చూసి పెట్టినవి. కలిపినందుకు కాదు, కలిపినచోట అతుకు కనబడ్డప్పుడే కోపం వస్తుంది. ఎన్‌కాంటో కథ జరిగేది కొలంబియాలో, మాయా గుళ్లున్నది మెక్సికో, గ్వాటెమాలాల్లో. హంపి మండపం పక్కన బెంగాలీ జమీందారు మేడ కట్టి ‘దక్షిణాసియా’ అన్నట్టు. అక్కడివాళ్లకు ఎలా ఉంటుందో మనకు చెప్పక్కర్లేదు. దీనికి మందు అతుకు దగ్గరే వేయాలి: మేడ నుంచి గుడి కనబడకుండా దారి మలుపు తిప్పడం, మధ్యలో దట్టంగా చెట్లు.

కనబడటం, వినబడటం గురించి ప్లానర్లు ఎంత పట్టుదలగా ఉంటారో చూడాలంటే పక్క పార్కులకు వెళ్లాలి. ఫ్లోరిడా టవర్ ఆఫ్ టెర్రర్ పైభాగం ఎప్‌కాట్ అనే ఇంకో డిస్నీ పార్కులోని మొరాకో భవనాల వెనక నుంచి కనబడుతుంది. అందుకని దాని రంగు, కొప్పు మొరాకోలో కలిసిపోయేలా చేశారు. కాలిఫోర్నియా గార్డియన్స్ టవర్‌లో ఆ శ్రద్ధ లేదు. లోపల సరదాగానే ఉంటుంది, బయట గొట్టాలు చుట్టుకున్న ఆ బురుజు పార్కులో ఎటు తిరిగినా నెత్తిన ఎక్కి కూర్చుంటుంది. యానిమల్ కింగ్‌డమ్‌లో అదనంగా నిజమైన జంతువుల బాధ ఉంది. బాణసంచా లేదు, బెలూన్లు అమ్మరు, ప్లాస్టిక్ స్ట్రాలు ఇవ్వరు. పండగ వాతావరణం అంటే బ్యాండు, టపాసులు అనుకునే కథ ఇక్కడికి వస్తే ముందే గొంతు తగ్గించుకోవాలి.

ఇన్ని లెక్కలు కుదిరాక కూడా ఒక ముడి మిగులుతుంది. డైనోల్యాండ్ అంచున ఉన్న థియేటర్‌లో ఫైండింగ్ నీమో సంగీత ప్రదర్శన నడుస్తోంది, దాన్ని తీసేయడం లేదు. గంటలకోసారి వందల మంది అందులోంచి ఒక్కసారిగా బయటికొస్తారు. ఆస్ట్రేలియా సముద్రపు చేపల కథ చూసి తలుపు దాటగానే వాళ్ల కాళ్ల కింద లాటిన్ అమెరికా మొదలవుతుంది. వాళ్లందరికీ పట్టేంత వెడల్పు దారి వేస్తే చెట్లకు చోటుండదు, చెట్లు పెడితే దారి ఇరుకవుతుంది. కొన్ని గజాల ఆ మలుపు దగ్గర రేప్పొద్దున వాదన పెట్టుకోవాల్సింది సినిమా పేర్ల గురించి కాదు, ఏ చెట్టు, ఎంత ఎత్తుది, ఎన్ని అడుగుల దూరంలో అని.